పైన లావా ఉంటే కింద బొగ్గు కాలినట్టేనా? ఒక బ్లాకు కేస్ స్టడీ

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో, సాత్పురా కొండల పక్కన ఒక చిన్న బొగ్గు బ్లాకు ఉంది. దాన్ని తీసుకోవాలా వద్దా అని చూస్తున్న కంపెనీ హైదరాబాద్‌ది. వాళ్ల చేతిలో అప్పటికే ఒక కన్సల్టెంటు ఇచ్చిన రిపోర్టు ఉంది. బేరమంతా అందులోని ఒక్క మాట దగ్గర ఆగింది. బ్లాకు మీద దక్కన్ ట్రాప్ లావా పరుచుకుని ఉంది, ఆ వేడికి అడుగు సీమ్ (అన్నిటికంటే కింద ఉన్న బొగ్గు పొర) పాడైంది, కాబట్టి దాన్ని నిల్వల లెక్కలోంచి తీసేయాలి అని రాశారు. అడుగు సీమ్ పోతే ఆ బ్లాకులో మిగిలేది అంతంతమాత్రం.

రెండో అభిప్రాయం కావాలని ఫైలు నాచారంలోని మా ల్యాబుకు వచ్చింది. బొగ్గును పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద చూసి, అది ఎంత వేడి తిన్నదో చెప్పడం మా పని. బ్లాకు పేరు, కంపెనీ వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు. బోర్ల నంబర్లు మార్చాను, కొలతలు చదవడానికి వీలుగా గుండ్రం చేశాను. ఇలాంటి ఫైళ్లు ఇంకా వస్తాయి కాబట్టి, ఏం చూశామో, ఎందుకు అలా తేల్చామో రాసి పెడుతున్నాను.

పారిన లావా, దూరిన మాగ్మా

సింగరేణిలో పనిచేసి వచ్చినవాళ్లకు ఈ గొడవ కొంచెం కొత్తగా ఉంటుంది. గోదావరి లోయ గనుల్లో ఫాల్టులతో (పొరలు విరిగి జరిగిన చోట్లతో) తిప్పలు పడతారు తప్ప నల్లరాయి డైకులతో పెద్దగా పని పడదు. అదే దామోదర్ లోయకు పోతే కథ వేరు. ఝరియాలో, రాణిగంజ్‌లో అభ్రకం ఎక్కువగా ఉండే లాంప్రోఫైర్ రాయి, డోలరైట్ అనే నల్లరాయి కరిగిన రూపంలో బొగ్గు సీముల్లోకి దూరాయి. అవి తగిలిన చోట బొగ్గు భూమిలోనే కోక్ (లోపలి గ్యాసు పోయి మిగిలిన గట్టి బొగ్గు) అయిపోయింది. అక్కడి గని కార్మికులు దాన్ని ఝామా అంటారు. ఛింద్వాడా వైపున్న పెంచ్-కన్హాన్ బొగ్గు క్షేత్రంలో రెండూ ఉన్నాయి. పైన దక్కన్ లావా కప్పు ఉంది, లోపల డోలరైట్ డైకులు, సిల్లులు ఉన్నాయి. గందరగోళం మొదలయ్యేదే ఇక్కడ.

లావా అంటే నేల మీదికి వచ్చి పారింది. బయటికి రాకుండా రాళ్ల మధ్యే ఆగిపోయింది మాగ్మా. పొరలను నిలువుగా చీల్చుకుని గడ్డకడితే డైక్, పొరల మధ్య అడ్డంగా పరుచుకుని గడ్డకడితే సిల్. మూడింటి రసాయనం దాదాపు ఒకటే కావచ్చు, రంగు కూడా నలుపే. ఎంత లోతులో ఏ రాయి తగిలిందో రాసే డ్రిల్లింగ్ లాగులో మూడింటినీ 'ట్రాప్' అని రాసేయడం మామూలు. కానీ బొగ్గు విషయంలో వీటి మధ్య తేడా చాలా పెద్దది.

పారిన లావా తన వేడిలో ఎక్కువ భాగాన్ని పైకి, గాలిలోకి, వానలోకి వదిలేస్తుంది. కింద ఉన్నది తడి నేల. ఆ తడిని ఆవిరి చేయడానికే బోలెడు వేడి ఖర్చవుతుంది. దూరిన మాగ్మాకు ఆ వెసులుబాటు లేదు. పైనా రాయే, కిందా రాయే. ఉన్న వేడంతా రెండు వైపులా పక్క రాళ్లకే ఇవ్వాలి. ఆ పక్క రాయి బొగ్గయితే ఇక చెప్పేదేముంది.

దీనికి రుజువు కోసం సాత్పురా దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ గ్రానైట్ దాటి వికారాబాద్ వైపు వెళ్తే దక్కన్ లావా అంచు తగులుతుంది. అక్కడ నస్కల్ అనే ఊరి దగ్గర, రెండు లావా పొరల నడుమ ఇరుక్కున్న పలుచని మట్టి పొర ఒకటుంది. అందులో డెక్కనోలెస్టెస్ అనే చిన్న క్షీరదం పళ్లు దొరికాయి. వాటిని 1988లో ప్రసాద్, సాహ్ని అనే శాస్త్రవేత్తలు ప్రపంచానికి చూపించారు. మిల్లీమీటర్ల సైజు పళ్లు అవి. పైన పారిన లావా కిందున్నదాన్నంతా మాడ్చేసేదే అయితే, దాని అడుగునే ఉన్న ఆ మట్టిలో అవి మనకు అలా దక్కేవి కావు. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు ముందు ఈ ఉదాహరణే చెబుతాను. మ్యాపులో ట్రాప్ రంగు కనబడగానే కంగారు పడకుండా ఉంటారు.

పాత రిపోర్టు

బ్లాకులో 9 బోర్లు వేశారు. పై నుంచి కిందికి వరస ఇలా ఉంది. ముందు దక్కన్ ట్రాప్, ఒక్కో చోట 30 నుంచి 70 మీటర్ల మందం. దాని కింద పలుచగా లామెటా పొరలు, ఆ కింద మోటూర్ ఫార్మేషన్ బంకమన్ను, ఇసుకరాయి. ఆ తర్వాత బొగ్గు ఉండే బరాకర్ ఫార్మేషన్. లావా వయసు దాదాపు 6.6 కోట్ల ఏళ్లు, బొగ్గు పర్మియన్ కాలపుది, 25 కోట్ల ఏళ్ల పైమాటే. అంటే లావా వచ్చేనాటికే ఆ బొగ్గు ఎప్పుడో బొగ్గయి కూర్చుంది. లావా అడుగు నుంచి అడుగు సీమ్ దాకా ఏ బోరులో చూసినా 90 మీటర్లకు తక్కువ లేదు.

7వ నంబరు బోరులో అడుగు సీమ్ వోలటైల్ మ్యాటర్ తక్కువ వచ్చింది. గనివాళ్లు వీఎం అనే ఈ అంకె, బొగ్గును గాలి తగలకుండా కాలిస్తే పొగగా, గ్యాసుగా బయటికి పోయే భాగం. వేడి తిన్న బొగ్గులో అది ముందే పోయి ఉంటుంది కాబట్టి మిగిలేది తక్కువ. 4వ బోరులోనూ కొంచెం తక్కువే. ఈ రెండు బోర్లు పట్టుకుని, పైన లావా ఉంది కదా అని, బ్లాకు మొత్తానికి ఒకే తీర్పు రాసేశారు.

నాకు ముందు అనుమానం తెచ్చింది ల్యాబు అంకెలు కాదు, ట్రాప్ మందం పట్టిక. లావా 70 మీటర్లు ఉన్నది 2వ బోరులో. అక్కడ అడుగు సీమ్ నిక్షేపంగా ఉంది. సీమ్ పాడైన 7వ బోరులో లావా 35 మీటర్లు కూడా లేదు. లావాయే కారణమైతే ఇది తిరగబడి ఉండాలి. ఈ పోలిక ఒక కాగితం మీద రెండు వరుసలు రాసుకుంటే తేలిపోతుంది. ఆ రిపోర్టులో ఎక్కడా ఆ పని చేయలేదు.

కోర్ బాక్సుల దగ్గర

బోరు వేసేటప్పుడు కడ్డీల్లా బయటికి తీసిన రాయిని కోర్ అంటారు. అది దాచే షెడ్డులో బాక్సులు తెరిపించాం. మాతో ఉన్న డ్రిల్లింగ్ సూపర్‌వైజర్ కొత్తగూడెం మనిషి. చిన్నప్పటి నుంచి బొగ్గు చూసిన కళ్లు. లాగు షీటు మీద చెయ్యి పెట్టి, "లావా పైనే పాయె గద సార్, మరి ఈ ట్రాప్ ఈడికెట్లొచ్చింది?" అన్నాడు. ఆయన చూపించింది 7వ బోరులో సీమ్ మధ్యలో 'ట్రాప్' అని రాసిన 4 మీటర్ల నల్లరాయి. పైన ఉన్న లావా కప్పుకు, దీనికి మధ్య 90 మీటర్లకు పైగా ఇసుకరాయి, బంకమన్ను ఉన్నాయి. రిపోర్టు రాసినాయన దీన్ని కూడా లావా లెక్కలోనే కలిపేశాడు.

అదే రాయి 4వ బోరులో సీమ్‌కు 3 మీటర్ల పైన ఉంది. 6వ బోరులో 12 మీటర్ల పైన ఉంది. మిగతా ఆరింటిలో అసలు లేదు. మూడు చోట్లా మందం దాదాపు అంతే. ఆగ్నేయ మూల నుంచి వాయవ్యానికి వస్తున్న కొద్దీ మెట్లు మెట్లుగా పైపొరల్లోకి ఎక్కుతోంది. లావా పారితే అప్పటి నేల వాలును బట్టి పోతుంది, ఇలా పొరలు మార్చుకుంటూ బొగ్గును కోసుకుంటూ ఎక్కదు. సిల్ మాత్రమే అలా చేస్తుంది.

అయినా రాయిని చేతిలోకి తీసుకుని చూడకుండా సంతకం పెట్టలేం కదా. కోర్ కడిగి ఎండలో పెట్టి చూశాం. రెండు అంచుల్లోనూ, పైనా కిందా, రాయి కంటికి గింజ కనబడనంత సన్నగా ఉంది. చల్లని రాయి తగిలి గబుక్కున గడ్డకట్టిన గుర్తు అది. మధ్యలోకి వచ్చేసరికి తెల్లటి ఫెల్డ్‌స్పార్ కడ్డీలు, నల్లటి పైరాక్సీన్ గింజలు లెన్సు లేకుండానే కనిపిస్తున్నాయి. లావా పై భాగంలో ఉండే గ్యాసు బుడగల రంధ్రాలు లేవు, రెండు లావా పొరల మధ్య తరచూ కనిపించే ఎర్రమట్టి పట్టీ లేదు. అన్నింటికంటే గట్టి సాక్ష్యం 4, 6 బోర్లలో దీని పైనున్న ఇసుకరాయి. అది కూడా కాలి గట్టిపడింది, సుత్తితో కొడితే ఖంగుమంటోంది. లావా పారేటప్పుడు దాని పైన ఇసుకరాయి ఉండదు, కాలే ప్రశ్నే రాదు. పైనున్న రాయి కూడా కాలిందంటే ఈ నల్లరాయి మధ్యలో దూరిందని అర్థం.

సరిగ్గా బొగ్గును తాకిన చోట ఇంకో వింత. అరచెయ్యి వెడల్పు మేర నల్లరాయి నల్లగా లేదు, మీగడ రంగుకు తిరిగింది. గోరుతో గీస్తే గీత పడుతోంది. పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమని పొంగింది. బొగ్గు వేడెక్కినప్పుడు వచ్చిన కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి కలిసి డోలరైట్‌లోని ఖనిజాలను తినేసి కార్బొనేట్లుగా, తెల్లమట్టిగా మార్చేస్తాయి. దీన్ని వైట్ ట్రాప్ అంటారు. లాగు షీటులో ఆ భాగాన్ని 'తెల్ల ఇసుకరాయి' అని రాశారు. డ్రిల్లర్‌ను తప్పుపట్టలేను, తడి కోర్‌లో చూస్తే ఎవరైనా అలాగే రాస్తారు.

ల్యాబులో

7, 4, 6 బోర్ల నుంచి నల్లరాయికి దూరం కొలుచుకుంటూ ముక్కలు తీసుకున్నాం. పోలికకు 2వ బోరు బొగ్గు. ఒక్కో ముక్కను ఒక మిల్లీమీటరు లోపు పొడి చేసి, రెజిన్‌లో గడ్డ కట్టించి, అల్యూమినాతో అద్దంలా పాలిష్ చేస్తాం. తర్వాత మైక్రోస్కోప్ కింద నూనె చుక్క వేసి, 546 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిలో విట్రినైట్ అనే భాగం ఎంత శాతం వెలుగును తిప్పి పంపుతోందో కొలుస్తాం. ఆ అంకే రిఫ్లెక్టెన్స్. ఎంత ఎక్కువ వేడి తింటే అంత మెరుపు. ఒక్కసారి పెరిగిన ఈ అంకె మళ్లీ తగ్గదు, అందుకే బొగ్గు చూసిన గరిష్ఠ వేడికి ఇది నమ్మకమైన సాక్షి.

2వ బోరులో, 70 మీటర్ల లావా కింద, ఆ అంకె 0.62 శాతం. మామూలు బొగ్గుది. 6వ బోరులో, నల్లరాయికి 12 మీటర్ల కింద, అదే 0.62. 4వ బోరులో సీమ్ పై అంచు దగ్గర 1.2, ఆరున్నర మీటర్ల దూరంలో ఉన్న అడుగు భాగంలో 0.7. 7వ బోరులో రెండు మీటర్ల దగ్గర 1.7, మీటరు దగ్గర 2.6, రాయిని తాకిన చోట 4 దాటింది. దగ్గరికి వచ్చే కొద్దీ ఏ తడబాటూ లేకుండా పెరుగుతోంది. వేడి వచ్చింది 4 మీటర్ల ఆ నల్లరాయి నుంచేనని చెప్పడానికి ఇంతకంటే సూటి గీత అక్కర్లేదు.

అంకెల కంటే చూడటానికి బాగుండేది ఆ బొగ్గు రూపం. మీటరు దూరపు ముక్కలో విట్రినైట్ ఒకప్పుడు మెత్తబడి, ఉబ్బి, మళ్లీ గట్టిపడ్డ ఆనవాళ్లు ఉన్నాయి. దోసె మీద పడే చిల్లుల్లా చిన్న చిన్న గ్యాసు రంధ్రాలు. పోలరైజర్లు అడ్డంగా పెట్టి, లాంబ్డా ప్లేటు జరిపితే నల్లటి బొగ్గు కాస్తా గులాబీ, నీలం, పసుపు చుక్కల మొజాయిక్‌గా మారిపోయింది. కోక్ ఓవెన్‌లో తయారైన కోక్‌లో కనిపించే మొజాయిక్ ఇదే. పక్కనే ఉన్న ఇనర్టినైట్ (బొగ్గులో వేడికి మెత్తబడని భాగం) ముక్కలు మాత్రం వేడితో తమకేం పట్టనట్టు ఉన్నాయి. ఏ చెట్టు కణాలో, ఆ గోడలు చెక్కుచెదరలేదు.

మా జూనియర్ ఆ ఐపీస్‌లోంచి తల ఎత్తకుండానే, "సార్, ఓవెన్ కోక్‌కి దీనికి తేడా ఎలా పట్టాలి?" అని అడిగింది. రంధ్రాలు చూడమన్నాను. ఓవెన్‌లో బొగ్గు మీద బరువు ఉండదు, గ్యాసు స్వేచ్ఛగా ఉబ్బిస్తుంది. ఇక్కడ పైన వందల మీటర్ల రాయి నొక్కుతోంది, అందుకే రంధ్రాలు చిన్నవి, కొన్ని అణిగిపోయి ఉన్నాయి. పైగా ఓవెన్ కోక్ రంధ్రాలు ఖాళీగా ఉంటాయి. వీటి నిండా కాల్సైట్ అనే కార్బొనేట్ ఖనిజం.

ఇంకో సంగతి కూడా ఆ అమ్మాయికి చెప్పాను, ఇది కొత్తవాళ్లు పొరబడే చోటు. మొజాయిక్ కనబడకపోతే బొగ్గు వేడి తినలేదని అనుకోకూడదు. బొగ్గుకు ముందే కొంత కోకింగ్ గుణం (వేడికి మెత్తబడి కోక్ అయ్యే గుణం) ఉంటేనే మొజాయిక్ ఏర్పడుతుంది. కన్హాన్ వైపు బొగ్గుకు అది కొంచెం ఉంది. అంతకంటే లేత బొగ్గు మెత్తబడదు, నేరుగా మాడుతుంది, దాని కోక్‌లో రంగులు ఉండవు.

వీఎం చేసిన మోసం

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. పాత రిపోర్టు మంచి బొగ్గును పాడైందని రాసింది సరే. అంతకంటే ఇబ్బందికరమైన సంగతి, నిజంగా పాడైన బొగ్గులో కొంత భాగానికి అంతగా కాలని బొగ్గు అంకె వేసింది. 7వ బోరులో నల్లరాయిని ఆనుకున్న ముక్కకు వీఎం, తేమ, బూడిద మినహాయించాక, 27 శాతం వచ్చింది. మీటరు దూరంలో ఉన్న ముక్కకు 12. అంటే నిప్పుకు దగ్గరున్నది తక్కువ కాలి, దూరంగా ఉన్నది ఎక్కువ కాలిందా? అలా జరగదు. ఆ రిపోర్టులో దీన్ని 'స్థానిక వైవిధ్యం' అని రాసి దాటేశారు.

వీఎం పరీక్ష ఎలా చేస్తారో గుర్తు చేసుకుంటే గుట్టు తెలిసిపోతుంది. మూత ఉన్న క్రూసిబుల్‌లో గ్రాము బొగ్గు పొడి వేసి, 900 డిగ్రీల ఫర్నేసులో 7 నిమిషాలు ఉంచి, ఎంత బరువు తగ్గిందో చూస్తారు. తేమ తీసేసి మిగతా తగ్గుదలంతా వీఎం ఖాతాలో వేస్తారు. కానీ ఆ ముక్క పగుళ్ల నిండా, రంధ్రాల నిండా కాల్సైట్, యాంకెరైట్ అనే కార్బొనేట్లు ఉన్నాయి. ఆ వేడికి అవి కూడా విడిపోయి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. తరాజుకు ఆ గ్యాసు బొగ్గుది కాదని తెలియదు. పొడి మీద యాసిడ్ పోసి, కార్బొనేట్ల నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను విడిగా కొలిచి తీసేశాక, అదే ముక్క వీఎం 7 శాతం కిందికి పడిపోయింది. రిఫ్లెక్టెన్స్ చెప్పిన కథతో అప్పుడు సరిపోయింది.

ఈ కొలత కొత్తదేమీ కాదు, ఖరీదైనదీ కాదు. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చేయరు, అంతే. ఇప్పుడు మా దగ్గరికి వచ్చే శాంపిళ్లలో నల్లరాయికి 10 మీటర్ల లోపు ఉన్న ప్రతిదానికీ, క్లయింటు అడిగినా అడక్కపోయినా, కార్బొనేట్ కొలత కలిపే పంపుతున్నాం.

వేడి లెక్క

రిపోర్టుకు లెక్క కూడా జత చేశాం. రాయిలో వేడి ఎంత మెల్లగా నడుస్తుందో తెలిస్తే మిగతాది గణితమే. అగ్నిశిల పలక చల్లారుతుంటే పక్క రాయి ఎంత వేడెక్కుతుందో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జేగర్ 1957లోనే సమీకరణాలు ఇచ్చాడు. మేం వాడింది అందులోని సాదా రూపం. మాగ్మా 1150 డిగ్రీలు, పక్క రాయి 50 డిగ్రీలు అనుకున్నాం. తాకిన చోట వేడి సుమారు రెండింటి సగటు, అంటే 600 డిగ్రీలు. 4 మీటర్ల సిల్‌కు 4 మీటర్ల దూరంలో గరిష్ఠ వేడి 230 డిగ్రీల దరిదాపుల్లో, అదీ ఆరేడు నెలలు గడిచాక. 8 మీటర్ల దూరంలో 155. నేలలో నీరు ఉంటే ఇంకా తగ్గుతుంది. సిల్ మందానికి రెండింతల దూరం దాటాక బొగ్గులో మార్పు కనబడకపోవడానికి కారణం ఇదే. 6వ బోరు 12 మీటర్ల దగ్గర చెప్పిందీ అదే.

ఇదే లెక్కను పైనున్న లావాకు వేశాం. 20 మీటర్ల మందం ఉన్న ఒక లావా పొర, పైన గాలి, కింద 90 మీటర్ల దూరంలో బొగ్గు. బొగ్గు దగ్గర పెరిగే వేడి 20 డిగ్రీలు కూడా దాటదు, అది కూడా లావా పారిన 60 ఏళ్ల తర్వాత. ఆ వేడికి బొగ్గుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

క్లయింటు తరఫు ఇంజనీరు ఒక మంచి ప్రశ్న వేశాడు. ఇప్పుడు 70 మీటర్లు ఉన్న లావా అప్పట్లో ఇంకా చాలా మందం ఉండి, తర్వాత కొట్టుకుపోయి ఉండొచ్చు కదా, ఆ బరువు కింద బొగ్గు ఉడకలేదా అని. ఉడకొచ్చు. పైన ఒక కిలోమీటరు రాయి పేరితే, భూమి లోపలి సహజ వేడి వల్ల బొగ్గు 25, 30 డిగ్రీలు వేడెక్కి లక్షల ఏళ్లు అలాగే ఉంటుంది. కానీ ఆ ప్రభావం లావా మంటది కాదు, దుప్పటిది. అది 9 బోర్లలోనూ ఒకేలా పడాలి, ఒక మూలకు పరిమితం కాదు. పైగా దాంతో బొగ్గు కొంచెం ముదురుతుంది, పాడవదు. ఒక్కోసారి విలువ పెరుగుతుంది కూడా.

సిల్లులు వందల మీటర్ల మందం ఉండి, ఒకదాని మీద ఒకటి దూరిన చోట్ల మాత్రం ఈ చిన్న లెక్కలు పనిచేయవు. అంటార్కిటికాలో ఫెరార్ డోలరైట్ వల్ల బొగ్గు ఆంత్రసైట్ దాకా ముదిరింది. సైబీరియాలో తుంగుస్కా బేసిన్ బొగ్గులోకి 25 కోట్ల ఏళ్ల కింద దూరిన మాగ్మా విడుదల చేసిన గ్యాసులకు, భూమ్మీద జరిగిన జీవజాతుల అతిపెద్ద వినాశనానికి సంబంధం ఉందని చాలామంది శాస్త్రవేత్తలు చెబుతారు. ఛింద్వాడా 4 మీటర్ల సిల్‌ను చూసి అంత టెన్షన్ అక్కర్లేదు.

క్లయింటుకు ఇచ్చిన మాట

లావా కప్పును లెక్కలోంచి తీసేయమన్నాం, సిల్‌ను లెక్కలోకి తీసుకోమన్నాం. అడుగు సీమ్ బ్లాకులో ఎక్కువ భాగంలో బాగుంది. పోయింది ఆగ్నేయ మూల. అక్కడ కూడా రెండు రకాల నష్టం.

7వ బోరు చుట్టూ బొగ్గే పోయింది. ఝామా గట్టిగా, బూడిద ఎక్కువగా, వీఎం బాగా తక్కువగా ఉంటుంది. పవర్ స్టేషన్ బాయిలర్లు వీఎం ఉన్న బొగ్గుకు డిజైన్ చేసినవి. ఇది అంటుకోవడమే కష్టం, మంట నిలవదు. మంచి బొగ్గులో కలిపి పంపితే లోడు మొత్తం గ్రేడు పడిపోతుంది. సీమ్ మధ్యలోని డోలరైట్‌ను కోయబోతే కట్టింగ్ మెషిన్ పిక్కులు అరిగిపోవడం ఖాయం.

4వ బోరు చుట్టూ వ్యవహారం వేరు. అక్కడ బొగ్గు కొంచెం ముదిరినా అమ్ముడుపోయేదే. సమస్య రూఫులో ఉంది. సీమ్‌కు 3 మీటర్ల పైన 4 మీటర్ల గట్టి డోలరైట్ పలక అంటే, డీపిల్లరింగ్ (ఆధారంగా వదిలిన బొగ్గు స్తంభాలను కూడా తీయడం) చేసేటప్పుడు రూఫ్ ఎప్పటికప్పుడు కూలదు, గోఫ్ (బొగ్గు తీసేసిన ఖాళీ) మీద వేలాడుతూ ఉంటుంది. ఒక్కసారిగా పడితే వచ్చే గాలి దెబ్బకు మనుషులు నిలవలేరు. పాత రిపోర్టులో ఈ మాటే లేదు, ఎందుకంటే అందులో సిల్లే లేదు. ఆ భాగాన్ని నిల్వల్లో ఉంచి, గని పద్ధతి తేలేదాకా తవ్వకం ప్లానులో పెట్టొద్దని రాశాం. సిల్ కింద గ్యాసు చిక్కుకుని ఉందేమో కూడా కొలవమన్నాం. వేడెక్కిన బొగ్గు మీథేన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పైన ఇలాంటి మూత ఉంటే అది ఎటూ పోదు.

సిల్ అంచు ఎక్కడ ఆగిందో తేల్చడానికి కంపెనీ ముందు మ్యాగ్నెటిక్ సర్వే అడిగింది. డోలరైట్‌లో మ్యాగ్నెటైట్ ఉంటుంది, మామూలు చోట్ల డైకులను ఆ సర్వే చక్కగా పట్టిస్తుంది. ఇక్కడ వద్దన్నాం. పైనున్న లావా కూడా అయస్కాంత రాయే, దాని గోలలో లోపల ఎక్కడో ఉన్న 4 మీటర్ల పలక గొంతు వినబడదు. పైగా బొగ్గును తాకి వైట్ ట్రాప్‌గా మారిన చోట్ల మ్యాగ్నెటైటే మిగలదు. ఆ డబ్బుతో 4వ, 6వ బోర్ల మధ్య ఒకటి, వాటికి దక్షిణంగా ఒకటి, రెండు బోర్లు వేయండి అన్నాం.

వేశారు. 4, 6 మధ్య వేసిన బోరులో సిల్ సీమ్‌కు 7 మీటర్ల పైన తగిలింది, మేం గీసిన సెక్షనుకు (పొరల నిలువు కోత బొమ్మకు) దగ్గరగానే. దక్షిణపు బోరులో సిల్ ఎక్కడా తగల్లేదు, సీమ్ రిఫ్లెక్టెన్స్ 0.63. దాంతో నష్టపోయిన ప్రాంతం మేం మొదట చుక్కల గీతతో చూపించినదానికంటే చిన్నదని తేలింది. ప్లానులో ఆ గీతను తూర్పుకు జరిపి, సవరించిన షీటు పంపాం. ఆ సిల్‌కు మాగ్మా పైకి తెచ్చిన డైక్ మాత్రం బ్లాకు హద్దు అవతల, ఆగ్నేయంగా ఎక్కడో ఉండాలి. పక్క బ్లాకు ఎవరు తీసుకుంటే వాళ్లకు అది తగులుతుంది.